ప్రాక్టికల్‌లో పదకొండు

లడ్డూలు ముందే పంచేశారు. నూకన్న ఇంట్లో జరిగిన తప్పుల్లో అందరికీ తెలిసింది అదొక్కటే. ఎవరికీ తెలియని తప్పు ఇంకొకటి ఉంది. దాని సంగతి తర్వాత.

మెడికల్ ఎంట్రన్సులో నూకన్న కూతురు భానుకి వచ్చిన ర్యాంకు దీవుల కోటాలో సీటుకి సరిపోతుందని, అబర్డీన్ బజార్లో నెట్ సెంటరు నడిపే ఉమేష్ ఒక మాట అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బాంబూఫ్లాట్‌లో వాళ్ళ ఇళ్ళ లైను లైనంతా మిఠాయి పంచారు. ఫెర్రీలో టికెట్లు చించేవాడికి కూడా ఒక లడ్డూ అందింది. నూకన్న డింగీ అనే చిన్న పడవ మీద చేపలు పడతాడు. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి పాతికేళ్ళ కిందట ఈ దీవులకి వచ్చాడు. ఆ లైన్లో ఇప్పటిదాకా ఏ ఇంట్లోంచీ డాక్టరు కాదు కదా, కాంపౌండరు కూడా రాలేదు. కాబట్టి వాళ్ళ సంబరాన్ని మరీ తప్పుపట్టడానికీ లేదు.

ఆగస్టులో మెడికల్ సీట్ల కోసం కాగితాలు చూసే రోజున, హాల్లో కూర్చున్న గుమాస్తా భాను పన్నెండో తరగతి మార్కుల లిస్టు మీద పెన్ను మొన పెట్టి పైనించి కిందికి దించాడు. ఫిజిక్స్ ముప్ఫై ఆరు, కెమిస్ట్రీ నలభై ఒకటి, బయాలజీ అరవై నాలుగు. పెదవులు కదుపుతూ కూడాడు. నూట నలభై ఒకటి.

"తీన్ సౌ మే డేఢ్ సౌ చాహియే," అన్నాడు. మూడు వందలకి నూటయాభై ఉండాలన్నమాట.

"ర్యాంక్ తో హై, సర్," అంది భాను.

"ర్యాంక్ హై బేటీ. యే నహీ హై." ర్యాంకుంది గానీ ఈ మార్కులు లేవని.

నూకన్న గబగబా సంచిలో చెయ్యి పెట్టాడు. తమ కులానికి ఆంధ్రాలో రిజర్వేషనుందని, ఆ కాగితం ఊరినించి తెప్పించానని చెప్పబోయాడు. గుమాస్తా దాన్ని చూడకుండానే అడ్డంగా తల ఊపాడు. అవతలి గట్టు కాగితం ఇవతలి గట్టున చెల్లదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ తిరిగి ఫెర్రీ ఎక్కారు. చాథం నుంచి బాంబూఫ్లాట్ దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఉమేష్ కంప్యూటర్లో వెతికి దారి చెప్పాడు. తక్కువొచ్చిన సబ్జెక్టు మళ్ళీ రాసుకోవచ్చు, అదీ వచ్చే ఫిబ్రవరిలో, ఒక్కసారే. ఎంట్రన్సు కూడా మేలో మళ్ళీ రాయాలి, పాత ర్యాంకు పాత ఏడాదితోనే పోయింది. అయితే ముందు ఆ తొమ్మిది మార్కులు రావాలి. అవి రాకపోతే ఎంట్రన్సులో మొదటి ర్యాంకొచ్చినా ఆ గుమ్మం దాటనివ్వరు.

ఆ తొమ్మిదీ ఎక్కడ పోయాయో వెతకనక్కర్లేదు. ఫిజిక్స్ ప్రాక్టికల్‌లో ముప్ఫైకి పదకొండు వచ్చింది. ప్రాక్టికల్ మార్కులంటే పెళ్ళిలో ఇచ్చే తాంబూలం లాంటివి, వచ్చినవాళ్ళందరి చేతిలోనూ పెడతారు. క్లాసులో మిగతా అందరికీ ఇరవై అయిదూ ఇరవై ఆరూ పడ్డాయి. భానుకి మాత్రం పదకొండు. ఆ పరీక్షకి వేరే స్కూలునించి వచ్చిన గణేశ్వరరావు మాస్టారిని లైనంతా తిట్టింది. భాను తల్లి బుల్లమ్మ అయితే గిన్నె తోమినా ఆయన్నే, వల దులిపినా ఆయన్నే. "నా పిల్ల నోటికాడ కూడు లాగీసినోడికి, ఆడి పిల్లలికి కూడా అలగే అవ్వాల," అని నాలుగిళ్ళకి వినపడేలా శాపనార్థాలు పెట్టింది.

భాను ఏమీ మాట్లాడేది కాదు. నూకన్న అసలే మాట్లాడేవాడు కాదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ లేచి బయటికి పోయేవాడు. ఎందుకంటే ఆ పదకొండు ఎలా వచ్చిందో లోకంలో తనొక్కడికే తెలుసని అతని నమ్మకం.

జనవరిలో ప్రాక్టికల్‌కి ముందురోజు నూకన్న వలలో ఆరు కిలోల కోనాం పడింది. ఇక్కడ అందరూ సుర్మై అనే చేప. నూకన్న పుట్టినచోట ఒక పద్ధతి ఉంది. ఎవరితోనైనా పని పడిందంటే, పట్టినవాటిలో మంచిది ఆ గుమ్మానికి వెళ్ళాలి. పురుడు పోసిన మంత్రసానికి, ఇంజను బాగుచేసిన మేస్త్రీకి, బిడ్డకి తేలు కుడితే మందేసినవాడికి, అందరికీ అలాగే వెళ్ళేది. దాన్ని లంచమని ఎవరూ అనుకోలేదు, అనుకోవచ్చని కూడా ఎవరికీ తోచలేదు. నూకన్న ఆ చేపని అరిటాకులో చుట్టి, ఫెర్రీ దాటి, బస్సెక్కి, బతు బస్తీలో మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. మాస్టారు కూడా తెలుగాయనే, తాతల నాడు వచ్చి ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబం. రేపు మా అమ్మాయి పరీక్షకి మీరే వస్తున్నారట బాబూ అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బట్టీపట్టి వచ్చిన రోల్ నంబరు కూడా అప్పజెప్పాడు.

మాస్టారి మొహం మారిపోయింది. "తీసుకెళ్ళిపోండి," అన్నాడు.

నూకన్న ఎరిగినంతలో పెద్దమనుషులు మొదటిసారి వద్దనే అంటారు. చేపని మెట్టు మీద పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. తర్వాత పదకొండు వచ్చింది. ఇంకెవరు కారణం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎన్నిసార్లు తనని తాను తిట్టుకున్నాడో లెక్కలేదు. భార్యకి చెప్పలేదు. కూతురికి చెప్పే ధైర్యం లేదు.

సెప్టెంబరులో భాను ఇంట్లోనే గడియారం పెట్టుకుని పాత ఫిజిక్స్ పేపరొకటి రాసుకుంది. డెబ్బైకి ఇరవై రెండు. అసలు పరీక్షలో వచ్చినదానికంటే మూడు తక్కువ. పుస్తకం మూసి గోడవైపు తిరిగి పడుకుంది. బయాలజీ అయితే ఆ పిల్ల నిద్రలో కూడా చెబుతుంది. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే మాత్రం మొహం పాలిపోతుంది.

ఫెర్రీలో తాళ్ళు కట్టే లష్కరుగా పనిచేసే లోకనాథం పక్కింట్లోనే ఉంటాడు. అతను నూకన్నని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పాడు. "ఫిజిక్స్ నేర్పీవోడు ఈ సుట్టుపక్కల ఒక్కడే. ఆ గణేశ్వరరావు మాస్టారే. రిటైరైపోనాడు, ఇంటికాడే సెప్తాడు. ఎంత ఏడ్సినా ఆ గుమ్మమే తొక్కాల."

భానుకి చెబితే ఒక్కసారిగా లేచింది. "నాను ఎల్లను. సచ్చినా ఎల్లను."

అందుకని నూకన్నే బయల్దేరాడు. బుల్లమ్మ ఎదురొచ్చి నిలబడింది. ఎంత తిట్టినా పద్ధతి పద్ధతే కదా. "ఉత్త సేతుల్తో ఏటి ఎల్తావయ్యా? రెండు సందువా సేపలున్నాయి, పట్టుకెల్లు."

"వద్దు," అన్నాడు నూకన్న. ఆ ఒక్క ముక్క అన్న తీరుకి బుల్లమ్మ బిత్తరపోయి చూసింది.

ఖాళీ చేతులతో ఒకరి గుమ్మం ఎక్కడం నూకన్నకి బట్టల్లేకుండా వెళ్ళినంత సిగ్గుగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారు వరండాలో కూర్చుని, చెక్కపలక మీద బిగించిన సన్నటి తీగని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన భార్య పద్మిని కుర్చీ వేసింది. నూకన్న కూర్చోలేదు.

"బాబూ, తప్పు నాది," అన్నాడు. "సేప ఒట్టుకొచ్చినోన్ని నాను. దానికి నా పిల్ల మార్కులు కోసీసినారు. ఫిజిక్సుల ముప్ఫై ఆరే వచ్చి, సీటుకి తొమ్మిది తక్కువైపోనాయి. నన్ను తిట్టండి, మీ సెప్పు తీసి కొట్టండి. పిల్లకి మాత్రం పాఠం సెప్పండి."

గణేశ్వరరావు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏ చేప?" అన్నాడు.

నూకన్నకి ఇన్నాళ్ళూ తిండి సయించనివ్వని చేప ఆయనకి గుర్తే లేదు. పద్మినే అందించింది: "అదేనండీ, జనవరిలో. మెట్టు మీద."

"ఓహో, ఆ సుర్మై మీదా!" మాస్టారు నవ్వాడు. "మీరు పెట్టి పారిపోయారు, మేం చూసేలోపు పిల్లులు ఈడ్చుకుపోయాయి. మా ఆవిడ రెండు రోజులు ఫినాయిల్ పోసి కడిగింది. కోపం వచ్చిన మాట నిజమే. కానీ చూడండి, చేప తెచ్చారని మార్కులు కోసుకుంటూ పోతే ఈ దీవుల్లో ఒక్కడూ పాసవడు."

"మరి పదకొండు ఏటి బాబూ?"

మాస్టారు నవ్వు ఆపేశాడు. చేతిలో ఉన్న పలకని చూపించాడు. "ఇదే ఆ రోజు మీ అమ్మాయికి పడింది. తీగలు కలిపి, కరెంటు పంపి, తీగ మీద ఎక్కడ తాకిస్తే ఇదిగో ఈ సూది సున్నా దగ్గర ఆగుతుందో చూసి రాయాలి. నేను దగ్గరికి వెళ్ళేసరికి కాగితం నిండా అంకెలున్నాయి. ఆరు రీడింగులు. జవాబు పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. ఒక్క పిసరు తేడా లేదు. స్విచ్చి చూస్తే అసలు వేయనే లేదు. తీగలు సగం గాల్లో ఉన్నాయి."

నూకన్న వేలు చాచి ఆ పలక మీది తీగని ముట్టుకు చూశాడు.

"రానివాళ్ళు చాలామంది ఉంటారు. రాదు సార్ అంటే నేనే చెయ్యి పట్టుకుని చేయించి పద్దెనిమిదో ఇరవయ్యో వేస్తాను. చేయకుండా చేసినట్టు రాస్తే ఏం వేయాలి? పాస్ మార్కు పది. ఒకటి కలిపాను." ఆయన కాస్త మెత్తబడ్డాడు. "ఆ పదకొండు ఇక మారదు. ఇప్పుడు రాసేది థియరీ, డెబ్బైకి. అందులో ముప్ఫై నాలుగు రావాలి. నేను నేర్పుతాను. కానీ తనంతట తాను రావాలి, మీరు ఈడ్చుకురావద్దు. ఇంట్లో రికార్డు పుస్తకం ఉంటుంది, ఒకసారి చూడండి. చేసిన ప్రయోగానికి స్కూల్లో టీచరు ఎర్ర సంతకం పెడతారు. లేనివి ఎన్నున్నాయో చూస్తే మీకే తెలుస్తుంది."

బస్సులో కూర్చున్న నూకన్నకి మొదట గుండె మీది బండ దిగిపోయినట్టనిపించింది. నా చేప కాదు, నా తప్పు కాదు. ఆ సుఖం ఫెర్రీ ఎక్కేదాకా కూడా నిలవలేదు. పిల్ల దొంగ అంకెలు రాసింది. రాసి, ఊరంతా ఆయన్ని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చుంది. దాని మీద కోపం తలకెక్కింది.

ఇంట్లో ఎవరూ లేరు. బుల్లమ్మ చేపలు అమ్మడానికి వెళ్ళింది, భాను రేషన్ షాపుకి. నూకన్న ట్రంకు పెట్టె తెరిచి రికార్డు పుస్తకం తీశాడు. అతనికి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. కాటా దగ్గర నలభై ఏళ్ళు బతికినవాడికి అంకెలు రాకపోతే ఎలా? ప్రతి ప్రయోగం పైనా తేదీ ఉంది. మొత్తం పన్నెండు. ఎర్ర సంతకం ఉన్నవి అయిదు. లేనివి ఏడు.

ఏడు రోజులు స్కూలు ఎగ్గొట్టి ఈ పిల్ల ఎక్కడికి పోయింది? ఎవరితో తిరిగింది? నూకన్న పళ్ళు కొరుకుతూ ఆ ఏడు తేదీలూ ఒక్కొక్కటే చూశాడు. మొదటిది జులై పద్దెనిమిది. ఆ తేదీ ఎక్కడో విన్నట్టుంది. కొంచెంసేపటికి గుర్తొచ్చింది. కొత్త ఇంజను కాగితాల మీద ముద్ర పడిన రోజది.

నూకన్న లేచి, గోడ మేకుకి వేలాడుతున్న ఇనుప తీగని దించాడు. ఆఫీసుల్లో ఇచ్చిన ప్రతి చీటీ, ప్రతి రసీదు దానికే గుచ్చి ఉంటాయి. ఒక్కొక్కటే లాగి, నేల మీద రికార్డు పుస్తకం పక్కన పెట్టాడు. జులై పద్దెనిమిది, ఇంజను. ఆగస్టు ఒకటి, డింగీ రిజిస్ట్రేషన్. ఆగస్టు ఇరవై రెండు, అదే మళ్ళీ. సెప్టెంబరులో జాలరి కార్డు. అక్టోబరులో తన మోకాలికి ఆస్పత్రి చీటీ. అయిదు సరిగ్గా సరిపోయాయి. మిగతా రెండు రోజులూ ఎక్కడికెళ్ళారో చీటీ లేకుండానే గుర్తొచ్చింది.

అన్ని చోట్లకీ భానుని తీసుకెళ్ళింది తనే. హిందీ మాట్లాడటం తనకీ వచ్చు, కానీ ఫారం నింపాలంటే, అందులో ఏముందో చదవాలంటే, సాబు ఇంగ్లీషులో విసుక్కుంటే జవాబు చెప్పాలంటే భాను ఉండాలి. భాను వస్తే పనవుతుంది. వారంలో ఏ రోజు ఆఫీసుకి వెళ్ళినా ఒకటేగా అని గురువారం వెళ్ళేవాడు, ఆ రోజు వేట ఉండదు కాబట్టి. గురువారం మధ్యాహ్నమే స్కూల్లో లేబు అని అతనికి తెలియదు. ఎప్పుడూ అడగలేదు కూడా.

అంతేకాదు. గడువు దాటిపోతే, "నాన్నకి జొరమొచ్చిందని సెప్పు," అని చెవిలో ఊదేవాడు. రసీదు పోతే, "వానకి తడిసిపోయిందని సెప్పు," అనేవాడు. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పేది. ఎన్ని డిగ్రీల జ్వరమో కూడా చేర్చి చెప్పేది. నూకన్న మురిసిపోయి ఇంటికొచ్చి భార్యతో అనేవాడు, అబద్ధమాడినా అతికినట్టుండాలి, మన భాను ఆడినట్టుండాలి అని. పరీక్షలో ఆ పిల్ల రాసిన ఆరు అంకెలూ కూడా చక్కగా అతికాయి.

నూకన్న ఆ చీటీల మధ్య కూర్చుని ఏడ్చాడు. చేప తప్పే నయం. దానికైతే ఒక్కరోజు బుద్ధి గడ్డి తిందని సరిపెట్టుకోవచ్చు.

భాను రేషన్ బియ్యం సంచితో గుమ్మంలోకి వచ్చి, నేల మీద పరిచినవి చూసి ఆగిపోయింది. "రికార్డు ఎందుకు తీసినావు నాన్నా?"

"మాస్టారింటికి ఎల్లినాను."

సంచి దించి అక్కడే గోడకి ఆనుకుంది. నూకన్న చేప సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాడు. వింటూంటే భాను కళ్ళు పెద్దవయ్యాయి. "సేపా? ఇన్నాళ్ళూ నువ్వు అందుకా అన్నం తినకుండా లేసిపోయీవోడివి?" అంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత అదే ఏడుపయింది.

"సేప కాదు గాని, తప్పు నాదే," అన్నాడు నూకన్న. "ఏడు దినాలు నిన్ను లేబుకి ఎల్లనివ్వలేదు. సీటీలన్నీ సూసినాను."

"నువ్వు ఎల్లనివ్వకపోడమేటి?" భాను మొహం తుడుచుకుంది. "ఆ దినాలు లేబుందని నాను నీకు ఎప్పుడన్నా సెప్పినానా? సెప్తే మానీసీవోడివి. నాకే ఎల్లాలని లేదు నాన్నా. లేబులో అందరూ గబగబా కలిపీసీవోరు. నాకు ఒక్క ముక్కా తెల్సీది కాదు. అడిగితే నవ్వుతారని అడిగీదాన్ని కాదు. ఆఫీసులో అలగ కాదు. అక్కడ నాకే అన్నీ తెల్సు. సాబులు కూడా బోలో బేటీ అని కుర్సీ ఏసీవోరు. రేపు ఆఫీసుకి రావాలి అని నువ్వంటే, బతికినాన్రా దేవుడా అనుకునీదాన్ని."

తప్పంతా తనే మోసుకుపోదామని నూకన్న అనుకుంటే ఆ పిల్ల సగం లాక్కుంది. అయినా ఇంకొకటి మిగిలే ఉంది, అది మింగుడు పడటం లేదు.

"మరి ఊరంతా ఆయన్ని తిడతంటే? మీ యమ్మ ఆయన పిల్లల్ని కూడా శపించింది గదే! నోరు ఇప్పలేదేటి?"

"ఒకేపు నన్ను సూసి అయ్యో అంటన్నారు, ఒకేపు ఆయన్ని తిడతన్నారు. అప్పుడు సెప్పలేకపోయినాను. తరవాత ఇంక ఎలగ సెప్పాలో తెలీలేదు." భాను రికార్డు పుస్తకం మూసేసింది. "ఆయన మొకం ఎలగ సూడమంటావు నాన్నా? ఆయనకి అంతా తెల్సు."

"ఎల్లకపోతే ఎల్లకు. ఎల్లమని నాను సెప్పను," అన్నాడు నూకన్న. చీటీలు ఏరి మళ్ళీ తీగకి గుచ్చుతూ, "గురువారం కార్డు పనుంది. నువ్వు రాకు. నాను ఒక్కన్నే ఎల్తాను," అన్నాడు.

గురువారం పొద్దున్న నూకన్న ఫెర్రీలో మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. అవతలి చివర రెయిలింగు దగ్గర భాను కనిపించింది. భుజాన సంచి, సంచిలో ఎర్ర సంతకాలు లేని రికార్డు పుస్తకం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, పలకరించుకోలేదు. చాథంలో దిగాక ఆ పిల్ల బతు బస్తీకి పోయే బస్సెక్కింది. నూకన్న ఆఫీసుకి నడిచాడు. అక్కడ రెండు గంటలు నిలబడి, ఎవరినో బతిమాలి ఫారం నింపించుకుంటే, ఒక గడిలో ఇంకో గడిది రాశారని వెనక్కి ఇచ్చేశారు. ఆ పని మూడో గురువారానికి అయింది. ముగ్గురు మనుషుల దగ్గర సిగ్గు విడిచాడు, ఒకచోట మాట పడ్డాడు. ఇంటికొచ్చి భానుతో అయిపోయిందని మాత్రం చెప్పాడు.

మాస్టారింట్లో మొదటిరోజు ఏం జరిగిందో భాను చెప్పలేదు, నూకన్న అడగలేదు. కళ్ళు వాచి ఇంటికొచ్చింది, అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ వారంలోనే బుల్లమ్మకి కూడా నిజం చెప్పేసింది. బుల్లమ్మ మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాలుగోరోజు స్నానం చేసి, దీపం పెట్టి, మాస్టారి పిల్లలకి తగలకూడదని తన శాపాలన్నీ పేరుపేరునా వెనక్కి తీసుకుంది.

నవంబరులో ఒకరోజు నూకన్న బతు బస్తీ వైపు పనిపడి వెళ్ళి, మాస్టారి గేటు బయట ఆగాడు. వరండాలో భాను ఆ పలక మీదికి వంగి ఉంది. తీగలన్నీ కలిపినట్టే ఉన్నాయి.

"సార్, సూది కదలట్లేదు," అంది.

"అయితే?" లోపలినించి మాస్టారి గొంతు.

"ఏం రాయమంటారు?"

"కదల్లేదని రాయి. రాసి, ఎందుకు కదల్లేదో వెతుకు."

భాను పెన్ను పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత ఏదో రాసి, ఒక్కో తీగనే పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. నూకన్న లోపలికి వెళ్ళలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయన్న సిగ్గు ఆ రోజు అతనికి గుర్తు రాలేదు.

మాస్టారు పెట్టిన పరీక్షల్లో డిసెంబరుకి ముప్ఫై ఒకటి వచ్చింది. జనవరిలో ఇరవై తొమ్మిదికి పడింది. ఇంట్లో అందరికీ ముద్ద దిగలేదు. ఫిబ్రవరిలో రాసి వచ్చిన రోజున ఎలా రాశావని అడగడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. మేలో ఎంట్రన్సు, ఆ వెంటనే బోర్డు ఫలితం. థియరీలో ముప్ఫై ఎనిమిది. పదకొండుతో కలిపి నలభై తొమ్మిది. మొత్తం నూటయాభై నాలుగు. ఎంట్రన్సు ర్యాంకు నిరుటికంటే నాలుగు మెట్లు దిగింది గానీ, కోటాలోనే ఉంది. ఈసారి లైన్లో ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద ముద్ర పడేదాకా ఏదీ నమ్మడానికి లేదని నూకన్నకి తెలిసొచ్చింది.

ఆగస్టు మళ్ళీ వచ్చింది. అదే హాలు. టేబుల్ దగ్గర ఈసారి గుమాస్తా కాదు, తెల్లజుట్టు పెద్ద డాక్టరొకాయన కూర్చున్నాడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. పుట్టిన తేదీ, దీవుల్లో ఉంటున్నట్టు సర్టిఫికెట్, ఎంట్రన్సు ర్యాంకు. మార్కుల లిస్టు దగ్గర ఆగాడు. భాను వెనక నూకన్న నిలబడి ఉన్నాడు.

"ప్రాక్టికల్ మే గ్యారహ్?" అన్నాడు డాక్టరు, కళ్ళద్దాల పైనించి చూస్తూ. "సబ్ కో పచ్చీస్ మిల్తా హై. తుమ్‌కో గ్యారహ్ క్యోం?"

అందరికీ పాతిక వస్తే నీకు పదకొండేమిటని. నూకన్న మనసులో ఒక్క క్షణంలో నాలుగు జవాబులు వరుసకట్టాయి. జ్వరం. తండ్రి ఆస్పత్రిలో. పాడైపోయిన మీటరు. ఏది చెప్పినా ఎవరు వెతకబోతారు?

"కియా నహీ థా, సర్," అంది భాను. "బినా కియే లిఖ్ దియా థా."

చేయలేదు సర్, చేయకుండానే రాసేశాను. ఆపాటి హిందీ నూకన్నకి బాగానే అర్థమవుతుంది. డాక్టరు కావాలని వచ్చిన పిల్ల, డాక్టరు ఎదురుగా నిలబడి, నేను దొంగరాత రాశానని చెప్పింది. అయిపోయింది. తొమ్మిది మార్కులు, ఏడాది కష్టం, ఇంటిల్లిపాది ఏడుపు, అన్నీ ఆ మాటతో సముద్రంలో కలిసిపోయాయనుకున్నాడు.

డాక్టరు ఆ పిల్ల వంక చూశాడు. తర్వాత ఒక కాగితం తీసి భాను ముందుకు తోశాడు. "జిరాక్స్ పే సైన్ నహీ హై. యహా కరో."

భాను సంతకం పెట్టింది. ముద్ర పడింది. "నెక్స్ట్," అన్నాడు డాక్టరు.

బయట మెట్ల మీదికి వచ్చాక నూకన్న ఆగాడు. సంతోషించాలని తెలుస్తోంది, కానీ ఒళ్ళంతా ఇంకా భయమే. అది కోపమై నోట్లోంచి వచ్చింది.

"అలగెందుకు సెప్పినావే! అడిగితే మాత్రం? జొరమొచ్చిందని సెప్తే పోయీది గదా! సీటు పోతే ఏటి సేసీవోలం?"

భాను చేతిలోని కాగితాలు సంచిలో పెట్టుకుంటోంది. తలెత్తి తండ్రిని చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"జొరం రాలేదు గదా, నాన్నా," అంది.

ఆ పిల్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. నూకన్న వెనకాలే దిగాడు.